మన గుడారం మనమే కుట్టుకుందాం



శివరాత్రి దగ్గర పడినప్పుడు దోర్నాల మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్ళే యాత్రికులను మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల పిల్లలు చూసే వుంటారు. ఎండ ముదరగానే వాళ్ళు దారి పక్కన ఆగుతారు. రెండు చెట్ల మధ్య ఒక తాడు కట్టి, దాని మీద దుప్పటి వేసి, నాలుగు మూలల మీద నాలుగు రాళ్ళు పెడతారు. ఇల్లు తయారయిపోయింది! కాని కాస్త గాలి లేచిందో, దుప్పటి టపటపా కొట్టుకుంటుంది, ఒక రాయి జారుతుంది, ఇల్లు కాస్తా పక్కనున్న తుప్పలో పడుతుంది.

దుప్పటి పలచగా వుండటం వల్లనే ఎగిరిపోయిందని మీరనుకోవచ్చు. కాదు. అంతే పలచని గుడ్డను సరిగా కోసి, సరిగా కుడితే అదే గాలికి కదలకుండా నిలబడుతుంది. మందపు గుడ్డను సరిగా కట్టకపోతే అదీ ఎగిరిపోతుంది. గుడారాన్ని నిలబెట్టేది గుడ్డ మందం కాదు, లాగుడు. డప్పు చూడండి. దాని మీద వున్నది పలచని చర్మమే. వదులుగా వుంటే అది మూగబోతుంది. అన్ని వైపుల నుంచీ బిగలాగి కట్టినప్పుడే చెక్కలాగా గట్టిగా వుండి మోగుతుంది. గుడారం గుడ్డ కూడా అంతే.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, మీరు భుజాన వేసుకొని మోయగలిగినంత తేలికైన గుడారాన్ని ఇంట్లోనే కుట్టుకోవచ్చు. నలుగురు పిల్లలు హాయిగా కూర్చోవచ్చు, ముగ్గురు పడుకోవచ్చు. బజారులో దొరికేదాన్ని కొనుక్కోవచ్చు గదా అని ఎవరైనా అంటే, కొనుక్కున్నదాన్ని చిరిగితే పారవేస్తాం, కుట్టుకున్నదాన్ని బాగుచేసుకుంటాం అని చెప్పండి.

గుడారం అంటే ఏదో పేదవాడి నీడ అనుకునేరు! శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని పట్టుకున్నాడని మీరు చరిత్రలో చదివి వుంటారు. అంత సైన్యమూ నెలల తరబడి డేరాల్లోనే కాపురం చేసింది. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు, మహర్నవమి పండుగ అయిన తరువాత రాజు నగరానికి దూరంగా మక్కా మఖమలుతో ఒక గుడారం వేయించాడని రాశాడు. ఇంగ్లీషులో ఇటువంటి పెద్ద గుడారాన్ని పెవిలియన్ అంటారు. ఆ మాట లాటిన్‌లో 'పాపిలియో' నుంచి వచ్చింది. పాపిలియో అంటే సీతాకోకచిలుక. రెండు పక్కలా రెక్కలు చాచిన గుడారం వాళ్ళ కళ్ళకు అలా కనిపించింది కాబోలు.

మఖమలు మనకు అక్కరలేదు. అది బరువు, పైగా తడిస్తే మోయలేం.

సరే, మన గుడారం ఆకారం ఏమిటి? అడుగున చదరం, పైన ఒక్క శిఖరం, మధ్య ఒక్క గుంజ. గోపురం వంటిదన్నమాట. దీనికి నాలుగు ముఖాలు, నాలుగూ త్రిభుజాలే. ఏ దిక్కు నుంచి గాలి వచ్చినా దానికి ఎదురుగా నిటారు గోడ వుండదు, ఏటవాలు ముఖమే వుంటుంది. గాలి దాని మీదుగా పైకి జారిపోతుంది.

గాలి బలం తక్కువదేం కాదు సుమా! గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి తనకు అడ్డంగా నిలిచిన చదరపు మీటరు గోడను సుమారు 6 కిలోల బరువుతో నెడుతుంది. వేగం రెట్టింపయి 72 కిలోమీటర్లయితే ఎంత బరువు? పన్నెండు అంటారా? కాదు, 24. వేగం రెండింతలయితే తోపుడు నాలుగింతలవుతుంది. వేసవి సాయంత్రాలలో నల్లమల వైపు నుంచి దుమ్ము లేపుతూ వచ్చే ఈదురుగాలికి రేకుల కప్పులు ఎందుకు లేచిపోతాయో ఇప్పుడు తెలిసిందా?

ఇక కొలతలు. గుడారం అడుగు చదరం ఒక్కొక్క పక్క 240 సెంటీమీటర్లు. గుంజ ఎత్తు 160. గుంజ మొదలు నుంచి ఒక పక్క మధ్యకు దూరం 120. ఇప్పుడు గుంజ నిలువు 160, నేల మీద అడ్డం 120 అయితే, శిఖరం నుంచి ఆ పక్క మధ్యకు ఏటవాలుగా దిగే పొడవు ఎంత? పెద్ద తరగతుల పిల్లలు వెంటనే చెప్పేస్తారు. సరిగ్గా 200! ఇది 3, 4, 5 త్రిభుజమే. ఒక్కొక్క పాలును 40 సెంటీమీటర్లు చేశాం, అంతే. దీనిని పైథాగరస్ సూత్రం అంటున్నాం గాని, మన శుల్బ సూత్రాలలో కూడా ఈ సంగతి వున్నది. శుల్బం అంటే తాడు. యజ్ఞవేదికలను కొలిచే తాడు. గుడారం వేసేవాడికి పనికివచ్చే గణితం తాడు పేరుతో వుండటం నాకు ఎప్పుడూ ముచ్చటగానే వుంటుంది.

ఒక్కొక్క ముఖం వైశాల్యం ఎంతో లెక్క కట్టండి. 240లో సగం 120, దానిని 200తో గుణిస్తే 24,000 చదరపు సెంటీమీటర్లు, అంటే 2.4 చదరపు మీటర్లు. నాలుగు ముఖాలకు 9.6. ఇప్పుడు బరువు చూద్దాం. చదరపు మీటరు 400 గ్రాములు తూగే మందపు కాన్వాసుతో కుడితే, గుడ్డ ఒక్కటే దాదాపు 4 కిలోలు. 150 గ్రాముల నూలు గుడ్డయితే కిలోన్నర. 70 గ్రాముల పాలియెస్టరు అయితే ముప్పాతిక కిలో కూడా వుండదు. ఆకారం ఒకటే, కొలతలు ఒకటే. కాని ఒకటి ఎద్దులబండి మీద వేయవలసినది, ఇంకొకటి మీ బడిసంచీలో పట్టేది.

మన ప్రాంతానికి నా సలహా, దట్టంగా నేసిన తెల్లని నూలు గుడ్డ. ఇక్కడ వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. తెలుపు రంగు ఎండను తిప్పికొడుతుంది. నూలు గుడ్డ లోపలి ఉక్కను బయటికి పోనిస్తుంది. మరి వాన వస్తే? నూలులో ఒక విచిత్రం వున్నది. తడిసినప్పుడు నూలు పోగులు ఉబ్బుతాయి, పోగుల మధ్య సందులు పూడుకుంటాయి. నీటి చుక్కలు గుడ్డ మీద పొరలాగా పట్టుకొని ఏటవాలుగా జారిపోతాయి. అయితే లోపలి నుంచి ఎవరైనా గుడ్డకు వేలు ఆనించారో, ఆ పొర తెగి అక్కడి నుంచి కారడం మొదలవుతుంది! చిన్న జల్లుకు ఈ గుడారం ఆగుతుంది. నవంబరు తుపాను వానకు ఇంట్లోనే వుండండి.

గుడ్డ కొనేటప్పుడు 58 అంగుళాల పన్నా అడగండి. అంటే 147 సెంటీమీటర్లు. పొడవు 9 మీటర్లు కావాలి. ఇంటికి తేగానే నీళ్ళలో నానవేసి, ఆరవేసి, ఇస్త్రీ చేయండి. కొత్త నూలు గుడ్డ కుంచించుకుపోతుంది. కుట్టకముందే కుంచించుకుపోతే మంచిది గదా!

కత్తెర పట్టుకునే ముందు కాగితంతో నమూనా చేయండి. మార్కాపురం పలకల ఊరు. పలక మీద గీసి, తుడిచి, మళ్ళీ గీసి, బొమ్మ కుదిరిన తరువాతే కాగితం తీసుకోండి. మన కొలతలను పదో వంతు చేస్తే, 12 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు వున్న దీర్ఘచతురస్రాలు నాలుగు కావాలి. ఒక్కొక్కదానిని మూల నుంచి మూలకు కోస్తే రెండేసి లంబకోణ త్రిభుజాలు వస్తాయి. మొత్తం ఎనిమిది. రెండేసి త్రిభుజాలను పొడుగు పక్కలు కలిపి అతికిస్తే ఒక ముఖం వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు వున్నది. ఒకే దీర్ఘచతురస్రం నుంచి వచ్చిన రెండు ముక్కలను కలిపి చూడండి. కలవవు! వాటిలో ఒకదానిని బోర్లా తిప్పితే గాని ముఖం తయారుకాదు. ఎందుకంటే ఆ రెండు ముక్కలూ రెండూ కుడికాలి చెప్పుల వంటివి. జత కావాలంటే ఒక కుడి, ఒక ఎడమ వుండాలి. గుడ్డకు రెండు వైపులా ఒకేలా వుంటే తిప్పి వాడుకోవచ్చు. ఒక వైపు మెరుపో, నీరు పట్టని పూతో వుంటే ఏం చేయాలి? రెండు దీర్ఘచతురస్రాలను ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు, మిగతా రెంటినీ కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు కోయాలి. అప్పుడు నాలుగు కుడి ముక్కలు, నాలుగు ఎడమ ముక్కలు వస్తాయి. గుడ్డ ఏదయినా నేను ఇలాగే కోయమంటాను. కాగితం చెడితే పైసలతో పోతుంది, గుడ్డ చెడితే నాన్నగారితో చెప్పుకోవాలి.

ఇప్పుడు గుడ్డ. కుట్టుకు మడత కోసం అన్ని వైపులా రెండేసి సెంటీమీటర్లు వదలాలి. అందువల్ల దీర్ఘచతురస్రం 120, 200 కాక, 126 వెడల్పు, 210 పొడవు వుండాలి. 'రెండు వైపులా రెండేసి అయితే 124, 204 చాలదా?' అని అడిగేవాళ్ళు మీలో వుంటారు. మంచి ప్రశ్న. ఏటవాలు కోత దగ్గర కూడా మడతకు గుడ్డ కావాలి గదా, ఆ మిగతాది అందుకు. నాలుగు దీర్ఘచతురస్రాలకు 8 మీటర్ల 40 సెంటీమీటర్లు పోతుంది. పన్నాలో పక్కన మిగిలే 21 సెంటీమీటర్ల పొడుగు పీలిక పారవేయకండి, దానితో బోలెడు పని వున్నది.

దీర్ఘచతురస్రం మూలలు సరిగా లంబకోణంలో వున్నవో లేదో ఎలా తెలుస్తుంది? మళ్ళీ మన పాత స్నేహితులే. మూల నుంచి ఒక అంచు మీద 60, రెండో అంచు మీద 80 కొలిచి గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం 100 వుంటే మూల సరిగా వున్నట్టే.

తొమ్మిది మీటర్ల కొత్త గుడ్డకు డబ్బు పెట్టడం అందరికీ వీలుకాదు. వీలుకాకపోతే అమ్మను రెండు పాత నూలు చీరలు అడగండి. చీర పన్నా కొంచెం తక్కువ కాబట్టి, మన కొలతలన్నింటినీ ఎనిమిదింట ఏడు వంతులు చేయండి. 120 కాస్తా 105 అవుతుంది, 160 కాస్తా 140, 200 కాస్తా 175. మడతలతో కలిపి దీర్ఘచతురస్రం 111, 185. ఒక్కొక్క చీరలో రెండు దీర్ఘచతురస్రాలు పోను గుడ్డ మిగులుతుంది కూడా. రంగురంగుల గుడారం! చిరుగులున్న చోటు తప్పించి కోయండి. నిజం చెప్పాలంటే, డబ్బున్నవాళ్ళు కూడా మొదట చీరల గుడారం కుట్టి చేయి తిరిగాక కొత్త గుడ్డ కొనడం మేలు.

కుట్టుపని మొదలుపెట్టే ముందు ఒక మాట. నేను బడిలో పనిచేసిన రోజుల్లో సూదిదారం పట్టుకోమంటే మగపిల్లలు సిగ్గుపడి వెనక బల్లల్లోకి జారుకునేవారు. 'మీ చొక్కా ఎవరు కుట్టారురా?' అంటే 'దర్జీ అండీ' అనేవారు. 'ఆయన మగవాడా, ఆడవాడా?' అనేసరికి ముందు బల్లల్లోకి వచ్చేవారు.

మొదట రెండేసి ముక్కల పొడుగు పక్కలు, అంటే 200 సెంటీమీటర్ల పక్కలు, కలపాలి. దీనిని నడికుట్టు అందాం. ఒక్క వరస కుట్టు చాలదు. ముందు ఒక కుట్టు వేసి, మిగిలిన అంచులలో ఒకదానిని సగానికి కత్తిరించి, రెండో అంచును దాని మీదికి మడిచి, మడతను అణచి రెండో కుట్టు వేయాలి. మీ పంట్లాము పక్క కుట్టు చూడండి, ఇలాగే వుంటుంది. పోగులు ఊడిరావు, బలమూ రెట్టింపు. ఒక ముఖంలో మాత్రం నడికుట్టును శిఖరం నుంచి 60 సెంటీమీటర్లు మాత్రమే కుట్టి, కింద 140 వదిలివేయండి. అది వాకిలి. రెండు అంచులనూ మడిచి కుట్టి, జానెడుకొకటిగా కట్టుకునే పీలికలు పెట్టండి. దానికి ఎదుటి ముఖంలో శిఖరానికి 25 సెంటీమీటర్ల కింద నుంచి 20 సెంటీమీటర్ల మేర కుట్టకుండా వదలండి. అది పొగగూడు వంటిది. లోపలి వేడిగాలి తేలికయి పైకి లేచి అందులోంచి పోతుంది, కింద నుంచి చల్లగాలి వస్తుంది. వాన పడకుండా దాని పైన చిన్న గుడ్డ రెప్ప కుట్టండి.

తరువాత నాలుగు ముఖాలనూ ఏటవాలు పక్కలతో కలపాలి. వీటిని మూలకుట్లు అందాం. గుడారం ప్రాణమంతా వీటిలోనే వున్నది.

మీ చేతిరుమాలు తీసుకొని అంచు వెంట లాగి చూడండి. సాగదు. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకొని లాగండి. సాగుతుంది! ఎందుకు? గుడ్డలో పడుగు, పేక అని రెండు వరసల పోగులున్నాయి. వాటి వెంట లాగినప్పుడు పోగే బలాన్ని మోస్తుంది. మూలగా లాగినప్పుడు ఏ పోగూ మోయదు, పోగుల మధ్య వున్న చదరాలు నలిగి సన్నబడతాయి. దర్జీలు దీనినే క్రాసు గుడ్డ అంటారు. మన ఏటవాలు కోత అంతా క్రాసే! శిఖరం నుంచి నేలకు బరువంతా పోయేది ఈ మూలకుట్ల వెంటనే. గుడ్డను నమ్ముకుంటే నాలుగు రోజుల్లో గుడారం సంచిలాగా వేలాడుతుంది.

కాబట్టి ఆ బరువును గుడ్డకు ఇవ్వకూడదు, పట్టీకి ఇవ్వాలి. మంచాలకు అల్లే నవారు మీకు తెలుసు గదా, అటువంటిదే, కాని రెండు సెంటీమీటర్ల వెడల్పు చాలు. ఐదేసి మీటర్ల పట్టీలు రెండు తెచ్చుకోండి. మూలకుట్టు పొడవు 233 సెంటీమీటర్లు. ఒక మూల నుంచి శిఖరం మీదుగా ఎదుటి మూలకు 466. రెండు చివర్లా ఉచ్చులకు మిగిలినది సరిపోతుంది. పట్టీ మీద ముందే గుర్తులు పెట్టండి. మధ్యలో శిఖరం గుర్తు, అటూ ఇటూ 233 దగ్గర మూల గుర్తులు. రెండు పట్టీలనూ పక్కపక్కన పరచి గుర్తులు కలుస్తున్నవో లేదో చూడండి. అప్పుడు గుడ్డను సాగదీయకుండా, పట్టీ గుర్తులకు సరిపెట్టి, జానెడుకొక గుండుసూది గుచ్చి, లోపలి వైపు నుంచి కుట్టండి. పట్టీకి రెండు అంచులా రెండు కుట్లు. రెండు పట్టీలూ శిఖరం దగ్గర ఒకదాని మీద ఒకటి దాటుతాయి. ఇక గుంజ మోసే బరువంతా ఈ రెండు పట్టీలదే. అందుకే పలచని గుడ్డ చాలునని మొదటనే చెప్పాను.

అడుగు అంచు కూడా తిన్నగా వుంటే పనికిరాదు. తిన్నని అంచు మధ్యలో ఎప్పుడూ వదులుగానే వుంటుంది, గాలికి అదే ముందు కొట్టుకుంటుంది. ఒక ముఖాన్ని తలకిందులుగా, అంటే శిఖరం నేల వైపు వుండేటట్టు గోడకు ఆనించి పట్టించండి. అడుగు అంచు రెండు మూలలకూ ఒక దారం గుచ్చి, మధ్యలో 6 సెంటీమీటర్లు వేలాడనివ్వండి. దారం తనంతట తానే అందమైన వంపు తిరుగుతుంది. ఆ వంపు వెంట సుద్దముక్కతో గీసి, రెండు సెంటీమీటర్లు మడతకు వదిలి కత్తిరించండి. ఇప్పుడు మూలలను లాగితే వంపు అంచు తిన్నగా కావాలని చూస్తుంది. అలా చూడటంలో గుడ్డను తన వెంట బయటికి లాగి బిగిస్తుంది. జర్మనీలో ఫ్రై ఒట్టో అనే వాస్తుశిల్పి వుండేవాడు. ఆయన సబ్బునీటి పొరలను తీగ చట్రాల మీద సాగదీసి, ఆ పొర ఏ వంపు తిరుగుతుందో చూసి పెద్ద పెద్ద కప్పులను ఊహించేవాడు. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడారంగానికి వేసిన గుడారం వంటి కప్పు రూపకల్పనలో ఆయనకు భాగం వున్నది. ఆయనకు సబ్బుపొర నేర్పినదే మీకు వేలాడే దారం నేర్పుతున్నది.

నడికుట్లు, మూలకుట్లు, అంచులు అన్నీ కలిపితే సుమారు 27 మీటర్లు. రెండేసి వరసలంటే 54. మిషను వుంటే రెండు మూడు సాయంత్రాల పని. చేతితో అయితే సెలవులన్నీ పడుతుంది, అయినా అవుతుంది. పెద్దలు మిషను దగ్గర పక్కనే కూర్చోవాలి. గుడ్డ బరువు సూదిని పక్కకు లాగకుండా ఇంకొకరు ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే సూదులు విరుగుతాయి.

శిఖరం దగ్గర గుంజ మొన గుడ్డను పొడవకుండా చూసుకోవాలి. పీలికలోంచి గుండ్రటి ముక్కలు కోసి మూడు నాలుగు పొరలుగా లోపల కుట్టండి. గుంజ తల మీద సగం కొబ్బరిచిప్ప బోర్లించండి. మొన ఒక్కచోట నొక్కే బరువును చిప్ప చుట్టూ పంచిపెడుతుంది. నాలుగు మూలలకూ ఇలాగే రెండేసి పొరల మాసికలు వేసి, పట్టీ చివరలను ఉచ్చులుగా మడిచి గట్టిగా కుట్టండి. ప్రతి పక్క మధ్యలోనూ ఒక చిన్న ఉచ్చు కావాలి. వాకిలి ముఖానికి మాత్రం రెండు, వాకిలి అంచుకొకటి.

గుంజకు వెదురు. అడవిలో కొట్టకండి, కర్రల దుకాణంలో కొనండి. వెదురు లోపల బోలుగా వుంటుంది, అందుకే తేలిక. కణుపులు అడ్డుగోడలలాగా వుండి నలగకుండా కాపాడతాయి. 160 సెంటీమీటర్ల ముక్క ఒకటి, 40 ముక్క ఒకటి, రెంటినీ కలపటానికి జానెడున్నర గొట్టం ముక్క ఒకటి. ఈ 40 ముక్క ఎందుకో ఇప్పుడే చెబుతాను.

నేల మీద గుడారం వేయటానికి ముందు 240 చదరానికి నాలుగు గూటాలు పాతాలి. నాలుగు పక్కలూ సమానమైనంత మాత్రాన చదరం కాదు, ఒరిగిన చదరం కావచ్చు. రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 339 వచ్చేదాకా సరిచేయండి. గూటం తల గుడారానికి దూరంగా వాలి వుండాలి. ఉచ్చులు తగిలించి, గుంజతో లోపలికి దూరి, శిఖరాన్ని ఎత్తండి. ఆ క్షణంలో గుడ్డంతా ఒక్కసారి బిగిసి లేచి నిలబడుతుంది. చూసి తీరాలి!

మార్కాపురం చుట్టుపక్కల పలకరాతి నేలలో గూటం దిగదు. అక్కడ గూటానికి బదులు తలకాయంత రాళ్ళు వాడండి. తాడును రాతి నడుముకు చుట్టి ముడివేసి, దాని ముందు ఇంకొక పెద్దరాయి ఆనించండి. పలకరాతి చెక్కుల అంచులు చాకులలాంటివి, తాడు వాటికి ఒరుసుకోకూడదు. ఇసుకలో అయితే మూరెడు కర్రకు తాడు కట్టి, కర్రను అడ్డంగా మోచేతి లోతున పూడ్చండి. ఎంత లాగినా రాదు.

అయితే ఆ ఇసుక ఏటి ఇసుక కాకూడదు. గుండ్లకమ్మ, సగిలేరు ఎండాకాలంలో ఒట్టి ఇసుకతిన్నెలలాగా కనిపిస్తాయి. ఎక్కడో కొండల మీద వాన కురిస్తే, మీ నెత్తిన చుక్క పడకుండానే నీళ్ళు వచ్చి పడతాయి. గట్టు మీదే వేయండి. మీ పెరడు, బడి ఆవరణ, తెలిసినవారి మామిడితోట అన్నింటికంటె మంచివి. పెద్దలతో వెళితే కంభం చెరువు దగ్గర, నీటికి దూరంగా మెరక చూసుకొని, అడిగి వేసుకోవచ్చు. నల్లమల అడవిలో మాత్రం సొంతంగా వేయకూడదు. అది 1983 నుంచి పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా మకాం చేయటం తప్పు. ఒంటరి చెట్టు కింద కూడా వద్దు, పిడుగు భయం. ఉరిమితే గుడారం విడిచి ఇంట్లోకి పరుగెత్తండి. గుడారంలో దీపం, పొయ్యి, అగరవత్తి, ఏదీ వెలిగించకూడదు. పలచని గుడ్డ అంటుకుంటే రెప్పపాటులో కాలిపోతుంది.

ఇక ఆ 40 సెంటీమీటర్ల ముక్క. మే నెల మధ్యాహ్నం నేలకు దించిన గుడారం లోపల కూర్చుంటే ఉడికిపోతాం. అప్పుడు గుంజ కింద ఆ ముక్కను గొట్టంతో తగిలించండి. ఎత్తు 200 అవుతుంది, అంచులు నేలకు 40 పైన తేలుతాయి. మూలలు ఇప్పుడు గాలిలో వున్నాయి గదా, వాటిని ఎలా కట్టాలి? 160లో 40 నాలుగో వంతు. కాబట్టి అన్నీ నాలుగో వంతు పెరగాలి. 233 మూలకుట్టుకు నాలుగో వంతు 58. అంత పొడవు తాడు, ముడులకు కొంచెం ఎక్కువగా, ఒక్కొక్క మూలకు కట్టండి. గుంజ నుంచి మూలగూటానికి మొదట 170 వుండేది, ఇప్పుడు దాదాపు 212 దూరంలో పాతండి. తాడు మూలకుట్టుతో ఒకే గీతలో పోవాలి, వంకర తిరగకూడదు. పక్కల మధ్యనున్న ఉచ్చులకు కూడా తాళ్ళు కట్టి దించండి. గుడారం కాస్తా నాలుగు వైపులా గాలి ఆడే మండపం అయిపోయింది! సాయంత్రం ముక్క తీసివేస్తే మళ్ళీ గుడారమే.

నూలు తాళ్ళు తడిస్తే బిగుసుకుంటాయి, ఆరితే వదులవుతాయి. వాన రాబోయే ముందు కొంచెం వదులు చేయాలి, లేకపోతే గూటాలను పీకేస్తాయి. నైలాను తాళ్ళది దీనికి వ్యతిరేకం, తడిస్తే సాగుతాయి. రాత్రి మంచుకు కూడా ఇలాగే జరుగుతుంది కనుక పడుకోబోయే ముందు ఒకసారి చుట్టూ తిరిగి, ప్రతి తాడునూ వేలితో మీటి చూడండి. నాలుగు మూలలూ ఒకే శ్రుతిలో పలికితే లాగుడు సమానంగా వున్నట్టు.

పొద్దున విప్పేటప్పుడు గుడ్డను బాగా విదిలించండి, తేళ్ళకు మడతలంటే ఇష్టం. తడి గుడ్డను ఎన్నడూ చుట్టిపెట్టకండి. రెండు రోజుల్లో బూజు పట్టి, నల్లమచ్చలు వచ్చి, పోగులు చివికిపోతాయి. దండెం మీద పూర్తిగా ఆరాక, ప్రతిసారీ ఒకే మడత మీద మడవకుండా ఊరికే చుట్టండి. ఇక పీలికలో మిగిలిన గుడ్డతో చుట్ట పట్టేటంత సంచి కుట్టి, మూతికి నాడా ఎక్కించండి. గూటాలకు, తాళ్ళకు వేరే చిన్న సంచి కావాలి. గూటాల మొనలు గుడ్డతో కలిసి ఒకే సంచిలో వుండకూడదు.